పెద్దక్క నడక

ఒక వానాకాలపు పొద్దున ఇస్త్రీ బాబాయి కత్తెరమ్మను చచ్చిపోయిన మనిషి పేరుతో పలకరించాడు.

"పెద్దక్కా, ఇవాళ పెందలాడే వచ్చారే!" అన్నాడు, బల్ల మీద పరిచిన దుప్పటి మీంచి తల ఎత్తకుండానే.

పెద్దక్క పోయి అప్పటికి పదకొండేళ్ళు.

కత్తెరమ్మ నడవాలో నిలబడిపోయింది. ఆసుపత్రి కుట్టుగదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. రోగుల గౌన్లు కత్తిరించడం, చిరిగిన దుప్పట్లకు మాసికలు వెయ్యడం, డాక్టర్ల కోట్లకు జేబులు కుట్టడం ఆమె పని. చేతిలో కత్తెరకీ నోట్లో నాలుకకీ సమానంగా పదును ఉండడం వల్ల ఆ పేరు స్థిరపడింది. 

"బాబాయ్, నేను కత్తెరని."

బాబాయి తల ఎత్తాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, నల్లగుడ్లు పాలు పోసినట్టుంటాయి. ఆపరేషనంటే భయం. తడిమి చూసి ఇస్త్రీ చేస్తాడు, అడుగుల చప్పుడుతో మనుషుల్ని పోలుస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి పొరపాటు పడింది లేదు.

"నువ్వా అమ్మా? అదేంటి... అడుగు పెద్దక్కదే!"

"ముసలితనం మీకా, నాకా?" అని కసిరి ఆమె ముందుకు కదిలింది. కదిలాక తన అడుగు తనకే వినబడింది. ధబ్. సర్ర్. తట్. ఎడమకాలు పడుతోంది, కుడికాలు ఈడ్చుకుంటూ వస్తోంది, ఆ వెనకే అరచెయ్యి గోడకి ఆనుతోంది. గోడ పట్టుకుని నడుస్తున్నానన్న సంగతే అప్పటిదాకా ఆమెకు తెలియదు. చూస్తే ఆ ఎత్తులోనే, నడవా పొడుగునా, బెత్తెడు వెడల్పున రంగు అరిగి నున్నగా ఉంది. అది పెద్దక్క చెయ్యి అరగదీసిన చార. కత్తెరమ్మ వేళ్ళు సరిగ్గా దాని మీదే ఉన్నాయి. నిప్పు మీంచి తీసినట్టు చెయ్యి లాక్కుంది.

కుట్టుగది ఆసుపత్రి నేలమాళిగలో ఉంటుంది. ఎనిమిది మెట్లు దిగితే పొడుగాటి నడవా, దానికి ఎడమపక్క ఇస్త్రీ గది, చిట్టచివర కుట్టుగది. కుట్టుగదికి కిటికీలు పైకప్పును ఆనుకుని ఉంటాయి. అవి బయటి నేలకు సమానం కాబట్టి వచ్చేపోయేవాళ్ళ పాదాలు తప్ప మరేమీ కనబడవు. ఆ గదిలో పనిచేసేది ఇద్దరు, కత్తెరమ్మ, బొత్తాల వదిన. వదిన కాజాలు కుట్టి బొత్తాలు వేస్తుంది. భయం ఎక్కువ, ఆకలి ఇంకా ఎక్కువ.

కత్తెరమ్మకు నొప్పులు మొదలైంది అంతకుముందు చలికాలంలో. మొదట వేళ్ళు పట్టేశాయి. తెల్లవారి లేచేసరికి పిడికిలి మూసుకోదు, మూసుకుంటే తెరుచుకోదు. కత్తెర రింగు కణుపు దాటి ఎక్కదు. ఆ తర్వాత మోకాళ్ళు, భుజాలు. రాత్రిళ్ళు ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లొచ్చి దుప్పటి తడిసిపోయేది. నెలసరి రెండు నెలలు రాదు, మూడో నెల వస్తే కట్టలు తెంచుకున్నట్టు వస్తుంది. "వయసు" అని సర్దుకుంది. మందుల షాపులో గులాబీరంగు బిళ్ళలు కొనుక్కుంది. రోజుకొకటి కాస్తా మూడయ్యాయి. ఒకనాడు గౌను కత్తిరిస్తూ కత్తిరిస్తూ బల్ల మీదే ఒరిగిపోయింది. కడుపులో పుండు పడి నెత్తురు పోతోందన్నారు.

ఆరు రోజులు పై అంతస్తులో రోగిలా పడుకుంది. ఒంటి మీద తను కత్తిరించిన గౌనే. ఒంటి కింద దుప్పటికి తను వేసిన మాసికే. ఆ మాసిక కుట్టు వీపులో గుచ్చుకుంటుంటే, ఇన్నేళ్ళూ ఎందరికి గుచ్చానో అనుకుంది.

"ఆ బిళ్ళల జోలికి ఇంక వెళ్ళొద్దు," అంది డాక్టరమ్మ. వయసు అడిగింది, నెలసరి సంగతి అడిగింది. "ఇది ఒట్టి వయసు కాదమ్మా. ముట్లు ఆగిపోయే ముందు కొన్నేళ్ళు ఒంట్లో హార్మోన్లు ఎగుడుదిగుడు అవుతాయి. చాలామందికి కీళ్ళు ఇలాగే పట్టేస్తాయి. రక్తపరీక్షల్లో వేరే కీళ్ళ జబ్బేమీ కనబడలేదు."

"నొప్పికి బిళ్ళ వద్దంటే మరేం చెయ్యాలి డాక్టరుగారూ? పళ్ళు కొరుక్కుని కూచోనా?"

"కూచోవద్దు. అదే మందు."

ఆవిడ రెండో అంతస్తులో వ్యాయామాలు చేయించే టీచరమ్మ దగ్గరికి పంపింది. ఆ టీచరమ్మ పొట్టిగా, గట్టిగా, బొంగరంలా ఉండేది. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెట్టి పిడికిలి మూసి తెరవమంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూచోమంది. మడమ ముందు మోపి మెట్లెక్కమంది. రోజూ అరగంట నడవమంది. "నొప్పి తగ్గాక కదులుదామంటే ఎప్పటికీ కదలరు. మర్నాటికి కూడా నొప్పి దిగకపోతే సగం చెయ్యండి. మానొద్దు. పన్నెండు వారాల దాకా నన్ను తిట్టొద్దు. ఆ తర్వాత మీ ఇష్టం."

బాబాయి పొరబడింది ఆ వ్యాయామాలు మొదలెట్టిన రెండో వారంలో. కత్తెరమ్మ ఆ రోజంతా పనిలో మనసు పెట్టలేకపోయింది. ఎవరి పేరు పెట్టి పిలిచినా ఇంత ఉలిక్కిపడేది కాదు. పెద్దక్క నడక విషయంలో ఆమె మెడకు ఒక పాత బరువు ఉంది.

పెద్దక్క ఆ గదికి పెద్ద. కత్తెరమ్మకు పని నేర్పింది ఆవిడే. నలభై ఆరేళ్ళు దాటాక ఆవిడ నడక మారింది. నడిచి వస్తుంటే ఎవరో బరువైన మూట ఈడ్చుకొస్తున్నట్టుండేది. బొటనవేలి కీలు ఉబ్బి బూటు పట్టక, గోధుమరంగు గుడ్డబూట్లకు బొటనవేలి దగ్గర గుండ్రంగా కన్నం కత్తిరించుకుని, దాని చుట్టూ చక్కగా అంచు కుట్టుకుంది. చలికాలంలో కూడా కిటికీ తెరవమనేది, కాయితాలతో విసురుకునేది. "పెద్దక్క నిప్పులు భోంచేసి వచ్చింది" అని నవ్వుకునేవాళ్ళు. ముప్పై ఆరేళ్ళ కత్తెరమ్మ అయితే ఆ నడకను అచ్చు దింపేది. ధబ్, సర్ర్, తట్. బల్లల మధ్య అటూ ఇటూ నడిచి చూపిస్తే బొత్తాల వదిన కడుపు పట్టుకుని నవ్వేది.

ఒకరోజు అలా నడుస్తుండగా వదిన నవ్వు హఠాత్తుగా ఆగిపోయింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్దక్క. ఎంతసేపటి నుంచి చూస్తోందో. తిట్టలేదు. కళ్ళనీళ్ళూ పెట్టుకోలేదు. తల ఒక పక్కకి వంచి, కుట్టులో తప్పు చూసే మనిషిలాగా చూసి, "ఇంకా సరిగా రాలేదే. కుడికాలు ఇంకాస్త ఈడ్వాలి," అంది.

అంతటితో పోతే పోయేది. ఆ ఏడే స్టోర్సు అధికారి వచ్చి, పెద్దక్క లేనప్పుడు, "పని ఎలా సాగుతోంది?" అని అడిగాడు. "ఎక్కడండీ, ఆవిడ చెయ్యి ఆడితే కదా!" అంది కత్తెరమ్మ. అబద్ధం కాదు. కానీ అడిగినదానికి మించి చెప్పింది. రెండు నెలల్లో పెద్దక్కను ముందస్తుగా ఇంటికి పంపేశారు. ఆవిడ ఎత్తుపీట కత్తెరమ్మకు వచ్చింది. మరుసటేడు గుండె ఆగి పెద్దక్క పోయిందని కబురొస్తే, కడచూపుకు వెళ్దామంటే ఆ రోజు సెలవు పెట్టడానికి వీలుపడలేదని ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పుకుంది.

ఇప్పుడు ఆ నడక ఆమె కాళ్ళకే వచ్చింది. తన దాకా వస్తే గాని తెలియదంటారు. వచ్చింది, తెలిసింది.

పంతం మనిషి కదా, వ్యాయామం మానలేదు. పొద్దున ఏడున్నరకే ఆసుపత్రికి వచ్చి, నడవా మెట్ల మీద మడమలు మోపి ఎక్కి దిగేది. ఇంటిదగ్గర ఆమె మొగుడు, స్కూలు బస్సు డ్రైవరు, బేసిన్లో నీళ్ళు కాచి పెట్టేవాడు. "నీ చేతులు ఉడుకుతున్నాయా, ఇంకో పొంగు రానివ్వనా?" అని ఎగతాళి చేసేవాడు గానీ ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. నాలుగో వారానికి ఏ మార్పూ లేదు. ఐదో వారంలో ఒకనాడు కత్తెర రింగు కణుపు దాటి సులువుగా ఎక్కింది. ఏడో వారానికి గోడ పట్టుకోవడం మానేసింది. మెట్లు దిగుతుంటే రెండు కాళ్ళూ ఒకే చప్పుడు చేశాయి. బాబాయి ఇస్త్రీ గదిలోంచి, "కత్తెరా, నువ్వేనా?" అన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆ సంతోషం రెండు రోజులే నిలిచింది.

మూడో రోజు ఎనిమిదింటికి ఆమె తన పీట మీద కూచుని చాక్‌పీసు చెక్కుకుంటోంది. పని పేరుకుపోయి వదిన కూడా ఆ రోజు పెందలాడే వచ్చి కాజాలు కుడుతోంది. నడవాలో చప్పుడైంది.

ధబ్. సర్ర్. తట్.

"కత్తెరమ్మ వస్తున్నట్టుందే," అని వదిన అలవాటుగా అనేసి, ఎదురుగా కూచున్న కత్తెరమ్మను చూసి, నోట్లోని దారం అలాగే ఉంచుకుని కళ్ళు పెద్దవి చేసింది.

ఇస్త్రీ గదిలోంచి బాబాయి గొంతు ప్రశాంతంగా వినబడింది. "పెద్దక్కా, వచ్చారా?"

అడుగులు ఇస్త్రీ గది దాటాయి. దగ్గరికొచ్చాయి. తలుపు అవతల ఆగాయి. తలుపు ఓరగా వేసి ఉంది. ఆ సందులోంచి ఎవరో రొప్పుతూ ఊపిరి పీల్చుకోవడం వినబడింది, మెట్లు దిగొచ్చిన మనిషి ఆయాసం తీర్చుకుంటున్నట్టు. ఆ తర్వాత ఏమీ లేదు. వెళ్ళిపోయిన చప్పుడు కూడా లేదు.

కత్తెరమ్మ లేచి తలుపు తీసింది. నడవా ఖాళీ. గోడ మీద, నున్నటి చార చివర, తడి అరచెయ్యి ముద్ర ఉంది. చూస్తుండగానే వేళ్ళ కొసల నుంచి ఆరుతూ వచ్చి అరచేతి మధ్యలో ఇంకిపోయింది. ఆ తడి ఏమిటో ఆమెకు చెప్పక్కర్లేదు. ఆవిర్లు వచ్చినప్పుడు తన చేతులూ అలాగే చెమర్చేవి.

వదిన ఆ రోజు సగం పూట సెలవు పెట్టింది. మర్నాటి నుంచి తొమ్మిదింటికి ముందు గదిలో కాలు పెట్టనంది. అడుగులు మాత్రం రోజూ ఎనిమిదింటికే వచ్చేవి. తలుపు దాకా వచ్చి ఆగేవి.

నాలుగో రోజు జడివాన. అడుగులు వచ్చి ఆగాయి. కత్తెరమ్మ తలుపు వంక చూడలేక తల పైకెత్తింది. కిటికీ అద్దం అవతల ఒక జత పాదాలు నిలబడి ఉన్నాయి. గోధుమరంగు గుడ్డబూట్లు. బొటనవేలి దగ్గర గుండ్రటి కన్నం, చుట్టూ సన్నటి అంచు. మునివేళ్ళు అద్దం వైపే తిరిగి ఉన్నాయి. ఎవరో వంగి లోపలికి చూడబోతున్నట్టు. చుట్టూ వాన చినుకులు నేల మీద గంతులేస్తున్నాయి. ఆ బూట్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

వెన్నులోంచి చలి పాకింది. కానీ ఆ వెనకే మెడ మీంచి ముఖం దాకా మామూలు ఆవిరి కూడా కమ్ముకొచ్చింది. భయానికీ ఆవిరికీ మధ్య ఆమె ఒళ్ళు ఎటూ కాకుండా పోయింది. చేతికందిన కాయితం తీసి విసురుకుంది. విసురుకుంటూనే, ఇదే పీట మీద కూచుని ఇలాగే విసురుకున్న ఆవిడ గుర్తొచ్చింది. అప్పటికి పెద్దక్కకు నలభై తొమ్మిదేళ్ళు. ముసలిది కాదు. నిప్పులు తినలేదు. తనకిప్పుడున్నదే ఆవిడకు అప్పుడుంది. దానికొక కారణం ఉందని ఆవిడకు చెప్పినవాళ్ళు లేరు. బేసిన్లో నీళ్ళు కాచి పెట్టినవాళ్ళు లేరు. ఉన్నదల్లా వెనక నడిచి వెక్కిరించే మనిషి.

మళ్ళీ చూసేసరికి అద్దం అవతల వాన ఒక్కటే ఉంది.

ఆమె ఇస్త్రీ గదిలోకి వెళ్ళి బాబాయి ఎదుట ముక్కాలిపీట మీద కూచుంది.

"మీకు భయం లేదా బాబాయ్?"

"దేనికమ్మా? బతికున్నప్పుడు నన్నేం చేసింది గనక ఇప్పుడు చెయ్యడానికి?" వేడి దుప్పటిని మడతపెడుతూ అన్నాడు. "మీరంతా తొమ్మిదింటికి వస్తారని ఆవిడ ఎనిమిదింటికే వచ్చేసేది. నడుస్తుంటే ఎవరూ చూడకూడదని. కడపటి మెట్టు మీద కూచుని మోకాళ్ళు పట్టుకునేది. ఒకసారి అడిగింది, ఇదెప్పటికి తగ్గుతుంది బాబాయ్ అని. ఇస్త్రీవాణ్ణి, నాకేం తెలుసు? తగ్గుతుందిలేమ్మా అన్నాను. అది ఉత్తమాటని ఆవిడకీ తెలుసు."

 "నా వల్లే పంపేశారు బాబాయ్ ఆవిణ్ణి," అంది కత్తెరమ్మ. పన్నెండేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"తెలుసమ్మా. ఆవిడే చెప్పింది."

"ఏమంది?"

"చెయ్యి ఆడటం లేదన్నది నిజమేగా, అంది."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కత్తెరమ్మకు.

మర్నాడు తలుపు బార్లా తెరిచి, పీటను గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూచుంది. ఎనిమిదయింది. మెట్ల మీద మొదలైంది. ధబ్. సర్ర్. తట్. ఖాళీ నడవాలో చప్పుడు ఒక్కటే దగ్గరికి వస్తోంది. గోడ మీద ఒక్కొక్క చోటే తడి అరచెయ్యి పడుతోంది, ఆరుతోంది, ఇంకాస్త ముందు మళ్ళీ పడుతోంది. ఆఖరి ముద్ర గుమ్మం చెక్క మీద పడింది. మూడడుగుల దూరంలో ఊపిరి వినబడింది. వేడి తగిలింది, జ్వరం మనిషి పక్కన నిలబడ్డట్టు.

కత్తెరమ్మ ముందురోజు నుంచీ మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "పెద్దక్కా," అంది.  "నాకూ వచ్చింది. మీకొచ్చిందే. వెక్కిరించినందుకు వచ్చిందనుకున్నాను. కాదట, చాలామందికి వస్తుందట. మీకా మాట ఎవరూ చెప్పలేదు. నేను... నేను ఆ అధికారితో అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే."

ఊపిరి అలాగే ఉంది. దగ్గరికి రాలేదు, దూరం పోలేదు. క్షమించిందో లేదో తెలిసే దారి లేదు. కత్తెరమ్మకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూచోవడం ఆమె ఒంటికి పడదు. ముక్కు తుడుచుకుని లేచి నిలబడింది.

"నాకు టీచరమ్మ చెప్పింది మీకు చెబుతాను. వింటే వినండి. ముందు కుర్చీలోంచి లేవడం. చేతులు ఆనించకూడదు. ఒకటి." కూచుంది. లేచింది. "రెండు."

పదిదాకా లెక్కపెట్టింది. తర్వాత నడవాలోకి అడుగుపెట్టింది. వేడి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. "మడమ ముందు. గోడ పట్టుకోండి, పరవాలేదు, కొన్నాళ్ళు. కానీ ఆ కుడికాలు ఈడ్వకండి. ఎత్తి పెట్టండి." నడిచింది. వెనక ధబ్ వినబడింది. సర్ర్ వినబడింది. ఒంటి మీద ప్రతి వెంట్రుకా నిక్కబొడుచుకుంది. అయినా వెనక్కి తిరగలేదు. మెట్ల దాకా వెళ్ళి, మళ్ళీ గది దాకా వచ్చారు, ఇద్దరూ.

అప్పటి నుంచి అదే రోజువారీ పని అయింది. బాబాయి పలకరింపు, అడుగులు, కత్తెరమ్మ లెక్క. మొదటి రెండు వారాలు ఏ తేడా లేదు. తర్వాత సర్ర్‌మనే చప్పుడు కాస్త పొట్టిదైంది. "పెద్దక్క ఈ మధ్య కొంచెం నయం," అన్నాడు బాబాయి, పక్కింటావిడ జ్వరం గురించి చెప్పినట్టు.

పదకొండో వారంలో కత్తెరమ్మకే దెబ్బ తగిలింది. మూడు రాత్రులు వరసగా నిద్రలేదు. వాన ముసురు పట్టింది. పొద్దున ఎలాగో మెట్ల దాకా వచ్చి, కడపటి మెట్టు మీద కూలబడింది. మోకాళ్ళలో ఎవరో మేకులు దిగ్గొట్టినట్టుంది. పదకొండు వారాల కష్టం గంగలో కలిసిందనిపించింది. సంచీ అడుగున పాత బిళ్ళల అట్ట ఒకటి ఉందని ఆమెకు తెలుసు. పారెయ్యలేదు. చెయ్యి సంచీలోకి వెళ్ళింది.

పక్కన మెట్టు మీద ఎవరో కూచున్నట్టు వేడి తగిలింది.

ఆమె మోచేతి కింద ఒక అరచెయ్యి ఆనింది. తడిగా, వెచ్చగా, వేళ్ళ కణుపులు లావుగా. చూపుడువేలి కొసన సూది పొడిచి పొడిచి గట్టిపడిన కాయ, గుడ్డలోంచి గరుగ్గా తగిలింది. కనబడేది ఏమీ లేదు. మోచేతి దగ్గర, చీర మీద తొడుక్కున్న పని చొక్కా గుడ్డ మాత్రం ఐదు వేళ్ళ మేర నొక్కుకుపోయి ఉంది.

"సగం చెయ్యి," అంది ఒక గొంతు, చెవి పక్కనే. కుట్టులో తప్పు చూసే మనిషి గొంతు. "ఐదు చాలు. ఒకటి."

కత్తెరమ్మ అరవలేదు. అరవడానికి ఊపిరి లేదు. సంచీలోంచి చెయ్యి తీసి లేచింది. కూచుంది. "రెండు," అంది గొంతు. ఐదో అంకె చెప్పాక మోచేతి కింద చెయ్యి లేదు. చొక్కా మీద తడి మరక మాత్రం మధ్యాహ్నం దాకా ఆరలేదు. ఆ రోజు ఇంటికెళ్ళే ముందు బిళ్ళల అట్టను ఆసుపత్రి మందుల చెత్తడబ్బాలో పారేసింది.

మూడు రోజులకు ఆ నొప్పి దిగింది. పన్నెండు వారాలు నిండాయి. టీచరమ్మ పరీక్షించి, "తిడతారా, పొగుడుతారా?" అంది. "రెండింటికీ మధ్యన పెట్టుకుందాం," అంది కత్తెరమ్మ. మెట్లు మునుపటిలా ఎక్కుతోంది. పూటకి పది గౌన్లు కత్తిరిస్తోంది. వేళ్ళు పొద్దున ఒక పావుగంట బిగుస్తాయి, నీళ్ళలో పెడితే వదులుతాయి.

ఆ నెలలోనే బాబాయి కూతురు పోరు పెట్టి ఆయన కళ్ళకు ఆపరేషను చేయించింది. రెండు వారాల తర్వాత నల్లద్దాలు తీసి, పిల్లాడిలా గోడలూ బల్లలూ చూసుకుంటూ వచ్చాడు. "కత్తెరా, నువ్వింత బక్కపలచనా! గొంతు విని పహిల్వానులా ఉంటావనుకున్నాను," అని నవ్వాడు. ఎనిమిది కావొస్తోంది. ఇస్త్రీ గది గుమ్మంలో నిలబడి మెట్ల వైపు చూశాడు.

అడుగులు మొదలయ్యాయి. ధబ్, ధబ్. ఈడుపు దాదాపు లేదు. గోడ మీద చెయ్యి చప్పుడు లేనేలేదు. బాబాయి ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం వెతుకుతున్నాయి. మెట్ల మీద వెతికాయి, నడవాలో వెతికాయి. చప్పుడు ఆయన ముందుకొచ్చి ఆగింది, రోజూ పలకరింపు కోసం ఆగినట్టే. ఎదురుగా ఖాళీ.   ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, రెండో చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

"పలకరించండి బాబాయ్," అంది కత్తెరమ్మ మెల్లగా. "పాపం, ఆగింది."

"పె... పెద్దక్కా. వచ్చారా?" అన్నాడు, కళ్ళు మూసుకునే.

ఒక క్షణం తర్వాత అడుగులు కదిలాయి. కుట్టుగది తలుపు దగ్గర ఈసారి ఆగలేదు. వెనక్కి తిరిగి, నడవా పొడుగునా, గోడకు దూరంగా, మధ్యలోంచి వెళ్ళాయి. ఎనిమిది మెట్లూ ఎక్కాయి. ఎక్కడా నిలబడి ఆయాసం తీర్చుకోలేదు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

బాబాయి కుమిలిపోయాడు. "నా కళ్ళు బాగుచేయించుకుని ఆవిణ్ణి పోగొట్టానమ్మా. భయపడ్డానని కోపం వచ్చింది కాబోలు."

"కోపం కాదు బాబాయ్. నడక వచ్చేసింది. ఇంక ఇక్కడేం పని?" అంది కత్తెరమ్మ. తనకు మాత్రం అంత నమ్మకంగా తెలుసా అంటే, తెలియదు. క్షమించానన్న మాట ఆ గొంతు ఎప్పుడూ అనలేదు.

ఆ సాయంత్రం ఆమె బస్సెక్కకుండా ఇంటికి నడిచి వెళ్ళింది. మొగుడికి మొత్తం చెప్పింది, వెక్కిరింపుతో మొదలుపెట్టి, అధికారితో అన్న మాట కూడా దాచకుండా. మామూలుగా ప్రతిదానికీ ఓ పరాచికం ఆడే మనిషి ఆసాంతం విన్నాడు. "ఆ చివరి మెట్టు దగ్గర చెయ్యి... నొప్పిగా పట్టుకుందా?" అని మాత్రం అడిగాడు.

"లేదు. గట్టిగా పట్టుకుంది, అంతే."

ఇప్పుడు కత్తెరమ్మకు యాభై రెండు. నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. ఆవిర్లు తగ్గాయి గానీ ముసురు పట్టినప్పుడు వేళ్ళు ఇంకా బిగుస్తాయి. నొప్పి పూర్తిగా పోయిందని ఎవరితోనూ చెప్పదు, అది అబద్ధం కాబట్టి. పొద్దున ఏడున్నరకు నడవాలో ఆమెతో పాటు బొత్తాల వదిన, వంటగది నుంచి ఇద్దరు, రాత్రి డ్యూటీ దిగిన ఒక నర్సు పదేసిసార్లు లేచి కూచుంటారు. వదిన ఆరో లెక్క దగ్గరే పస్తున్నాననీ, తినందే లేవలేననీ గోలపెడుతుంది. కత్తెరమ్మ వినిపించుకోదు. పది పూర్తయ్యేదాకా ఎవర్నీ వదలదు.